వీవీఎస్ అడుగుతారు, సాన సంగతి అడగరు

పంజాగుట్ట నుంచి సోమాజిగూడ దాకా రోడ్డుకు రెండు పక్కలా నగల దుకాణాలే. ముహూర్తాలు మొదలయ్యాయంటే వాటిలో వజ్రాల కౌంటర్ దగ్గర కనిపించే దృశ్యం ఇంచుమించు ఒక్కటే. నిశ్చితార్థం కుదిరిన అబ్బాయి, అమ్మాయి, వాళ్ల వెనకాల ఇద్దరి అమ్మలు, పక్కన ఒక మేనత్త. ఉంగరాల ట్రే ముందుకు జరుపుతూ సేల్స్‌మన్ అనే మొదటి మాట: 'అన్నీ వీవీఎస్-ఈఎఫ్ అండీ'. ఆ మాటతో అందరి మొహాల్లో ధీమా వస్తుంది. బంధువులు ముందే చెప్పి పంపారు కదా, కొంటే వీవీఎస్ కొనండి, లేదా ఆ డబ్బుకు బంగారమే తెచ్చుకోండి అని. ఆ మూడక్షరాలు దేన్ని కొలుస్తాయో, ఆ కొలతలో తేడా వేలికి పెట్టుకున్నాక కంటికి ఆనుతుందో లేదో అడిగేవాళ్లు తక్కువ. రాయికి సాన ఎలా పట్టారని అడిగేవాళ్లు మరీ తక్కువ.

తప్పు కొనేవాళ్లదని తేల్చేయడానికి లేదు. బంగారం దగ్గర తెలుగు ఇల్లాలిని బోల్తా కొట్టించడం అంత తేలిక కాదు. పొద్దున్నే పేపర్లో గ్రాము ధర చూసుకుని, తరుగు ఎంత వేస్తున్నారు, మజూరీ ఎంత, పాత గొలుసుకు ఎంత కడతారు అని నిలదీయగలదు. వజ్రం దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు తగ్గిపోతుంది. దానికి పేపర్లో పడే రేటు లేదు. ఒకే తూకం ఉన్న రెండు రాళ్లలో ఒకదాని ధర రెండోదానికి రెట్టింపు ఉండొచ్చు. ఎందుకని అడిగితే జవాబు చెప్పగలిగేది అమ్మేవాడొక్కడే. ఏమీ తెలియని చోట ఏదో ఒక మాట పట్టుకుంటాం. ఆ పట్టుకున్న మాట కొనేవాడికన్నా అమ్మేవాడికే ఎక్కువ అక్కరకొస్తోందన్నదే ఇక్కడి ఫిర్యాదు.

వజ్రం నాణ్యతకు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న కొలమానం అమెరికాలోని జీఐఏ సంస్థ తయారుచేసింది. రాబర్ట్ షిప్లీ 1931లో స్థాపించిన ఈ సంస్థ 1950ల్లో రంగుకు, స్వచ్ఛతకు మెట్లు కట్టింది. మొత్తం చూడాల్సినవి నాలుగు: క్యారెట్, కలర్, క్లారిటీ, కట్. రంగు డి అక్షరంతో మొదలై జెడ్ దాకా వెళ్తుంది. డి అంటే ఏ రంగూ లేనిది, కిందికి పోయేకొద్దీ పసుపు ఛాయ. క్యారెట్ అంటే తూకం, 0.2 గ్రాములు, అందులో నూరోవంతు ఒక సెంటు. దీన్ని బంగారం మచ్చును చెప్పే క్యారెట్‌తో కలపకూడదు. ఇప్పుడు 'వీవీఎస్-ఈఎఫ్' మాటను విడదీసి చూస్తే అందులో ఉన్నది స్వచ్ఛత, రంగు మాత్రమే. తూకం ఎలాగూ చీటీ మీద ఉంటుంది. నాలుగోది, అసలైనది, మాటల్లోకే రాలేదు.

మచ్చ మీద మనకున్న భయం ఇవాళ్టిది కాదు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో రాసిన బృహత్సంహితలోనే వజ్ర పరీక్షకు ఒక అధ్యాయం ఉంది. తర్వాత వచ్చిన రత్నశాస్త్రాలు బిందువు, రేఖ, యవ, మలం, కాకపదం అని వజ్రానికి దోషాలు లెక్కపెట్టాయి. కాకి పాదం గుర్తున్న వజ్రం ఇంట్లో ఉంటే అరిష్టమని పెద్దవాళ్లు నేటికీ అంటారు. వజ్రం అందరికీ 'పడదు' అని కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూశాకే పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఈ నమ్మకం ఉన్న ఇంట్లో 'మచ్చ లేని రాయి' అంటే ఇక బేరమే ఉండదు. సేల్స్‌మన్ కొత్తగా ఒప్పించాల్సింది ఏమీ లేదు.

ఇంతకీ వీవీఎస్ చెప్పేదేమిటి? స్వచ్ఛతను పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ కింద నిర్ణయిస్తారు. పదకొండు మెట్లున్నాయి. పైన ఫ్లాలెస్, ఐఎఫ్. తర్వాత వీవీఎస్‌లో రెండు, వీఎస్‌లో రెండు, ఎస్ఐలో రెండు. అడుగున ఐ మెట్లు మూడు. వీవీఎస్ అంటే లూప్ పెట్టుకున్న నిపుణుడికి కూడా లోపలి చుక్క దొరకడం కష్టమని అర్థం. వీఎస్‌లో వెతికితే దొరుకుతుంది. ఎస్ఐలో లూప్ కిందికి రాగానే కనబడుతుంది గానీ ఉత్త కంటికి చాలావరకు తెలియదు. మామూలు చూపుకు మచ్చ అందేది ఐ మెట్ల దగ్గర. అంటే వీవీఎస్ రాయికీ వీఎస్ రాయికీ ఉన్న తేడా లూప్ లోపలే ఉంటుంది. పెళ్లిపందిట్లో లూప్ పెట్టుకుని తిరిగేవాళ్లెవరూ ఉండరు. అయినా ఆ తేడాకు వేలల్లో, రాయి పెద్దదైతే లక్షల్లో చెల్లించుకుంటున్నాం.

స్వచ్ఛతను పట్టించుకోనక్కర్లేదని కాదు. ఏ మెట్టు అన్నదానికన్నా మచ్చ ఎక్కడుంది, ఎలాంటిది అన్నది ముఖ్యం. రాయి నడినెత్తిన ఉన్న బల్లపరుపు ముఖం కింద నల్లచుక్క ఉంటే ఎస్ఐ రాయి కూడా అందం చెడుతుంది. అదే చుక్క అంచున ఉంటే ఉంగరం కొక్కెం కింద కప్పబడిపోతుంది. అంచుదాకా పాకిన పగులు మాత్రం ప్రమాదం, దెబ్బ తగిలితే అక్కడే పెచ్చు లేస్తుంది. లోపల పొగ కమ్మినట్టుంటే రాయి మొత్తం పాలిపోతుంది. వీఎస్, లేదా ఉత్త కంటికి శుభ్రంగా ఉన్న ఎస్ఐ1 చూసి తీసుకుంటే మిగిలే డబ్బు చిన్నది కాదు.

రంగు దగ్గరా ఇలాంటి వృథాయే జరుగుతోంది. డి, ఇ, ఎఫ్ రంగులకు ఎక్కువ పోసి, ఆ రాయిని తీసుకెళ్లి పసుపు బంగారంలో పొదిగిస్తారు. చుట్టూ ఉన్న లోహపు ఛాయ రాయిలోకి దిగుతుంది. ప్లాటినం, తెల్ల బంగారం ఉంగరమైతే ఎఫ్, జి మంచివే. పసుపు బంగారంలో హెచ్ రంగు రాయి, ఒక్కోసారి ఐ రంగు రాయి కూడా పక్కన పెట్టి పోలిస్తే తప్ప తేడా చెప్పలేనంత తెల్లగా కనబడుతుంది. రంగు తెలుసుకోవాలంటే పొదగని రాయిని తెల్లకాగితం మీద బోర్లించి పక్కనుంచి చూడాలి. పైనుంచి చూస్తే మెరుపులో రంగు దాగిపోతుంది.

ఇక సాన సంగతి. దీనికి కోహినూర్‌ని మించిన సాక్ష్యం లేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది నమ్మే ఆ వజ్రం 1849లో పంజాబ్‌తో పాటు ఆంగ్లేయుల చేతికి పోయింది. 1851లో లండన్ హైడ్ పార్కులో పెట్టిన మహా ప్రదర్శనలో దాన్ని చూడ్డానికి జనం విరగబడ్డారు. చూసినవాళ్లు పెదవి విరిచారు. అంత పేరున్న వజ్రం గాజుముక్కలా ఉందన్నారు. గ్యాస్ దీపాలు పెట్టి వెలుగు పెంచి చూశారు, లాభం లేకపోయింది. అప్పటికి దాని తూకం 186 క్యారెట్లకు పైనే. మన దగ్గర పాతకాలపు పద్ధతిలో తూకం పోకుండా సానపట్టిన రాయి అది. వెలుగును లోపలికి తీసుకుని తిరిగి కంటికి కొట్టే ముఖాలు దానికి లేవు. మరుసటి ఏడాది రాణి భర్త ఆల్బర్ట్ హాలండ్ నుంచి పనివాళ్లను రప్పించి మళ్లీ సాన పట్టించాడు. తేలిన తూకం 105.6 క్యారెట్లు. నలభై శాతానికి పైగా రాయి పొడిగా రాలిపోయింది. ప్రపంచంలో అంత పేరున్న వజ్రానికి అంత నష్టం భరించి మరీ తెచ్చుకున్నది మెరుపు.

కోహినూర్‌కి రంగు తక్కువై కాదు. నత్రజని దాదాపు లేని టైప్ 2ఏ రకం వజ్రం అది. వేలంపాటల్లో ఇలాంటి అతి నిర్మలమైన రాళ్లకు 'గోల్కొండ' అనే పేరే వాడుకలో ఉంది. రంగుండీ సాన సరిగా లేకపోతే ఎలా ఉంటుందో హైడ్ పార్కులో జనం చూశారు.

సాన వెనక ఉన్నది లెక్క. వజ్రాల వ్యాపారుల కుటుంబంలో పుట్టిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు 1919లో ఈ లెక్కలు కట్టి పుస్తకం వేశాడు. పైభాగం ఎంత కోణంలో ఉండాలి, అడుగు శంఖువు ఎంత వాలుగా ఉండాలి, నెత్తిమీది బల్ల ఎంత వెడల్పుండాలి అని. గుండ్రటి బ్రిలియంట్‌కు 57 లేదా 58 ముఖాలుంటాయి. అవి సరిగ్గా కుదిరితే పైనుంచి దిగిన వెలుగు అడుగు గోడలకు తగిలి మళ్లీ పైకే వస్తుంది. అడుగు మరీ లోతైతే వెలుగు పక్కల నుంచి జారిపోయి నడిమధ్యన నల్లటి నీడ పడుతుంది. మరీ పలచనైతే కింది నుంచి కారిపోయి బల్ల చుట్టూ చేపకన్నులా తెల్లటి వలయం కనబడుతుంది. జీఐఏ 2006 నుంచి గుండ్రటి రాళ్లకు సాన గ్రేడు కూడా రిపోర్టులో ఇస్తోంది: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్.

మరి సాన మంచిది కాని రాళ్లు ఎందుకు తయారవుతున్నాయి? ధర తూకం మీద కడతారు కాబట్టి. ప్రపంచంలో పాలిషయ్యే ప్రతి పది వజ్రాల్లో తొమ్మిది సూరత్‌లోనే సానపెడతారని లెక్క. ముడిరాయి సాన అయ్యేసరికి సగమో, అంతకన్నా ఎక్కువో పోతుంది. కోణాలు పద్ధతిగా కుదరాలంటే ఇంకొంచెం పోతుంది. కాస్త లావుగా వదిలేస్తే తూకం మిగులుతుంది. క్యారెట్ అంకె దాటితే ధర మెట్టు ఎక్కుతుంది కాబట్టి 0.98 క్యారెట్ల చక్కటి రాయి కన్నా 1.01 క్యారెట్ల లావు రాయికి లాభం ఎక్కువ. ఆ అదనపు తూకం అడుగునే ఉంటుంది, పైనుంచి చూసేవాళ్లకు కనబడదు. సాన బాగున్న ఒక క్యారెట్ గుండ్రటి రాయి అడ్డకొలత 6.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రిపోర్టులో అంతకన్నా బాగా తక్కువ కనిపిస్తే కొంటున్నది కనబడని బరువని అర్థం.

ఈ అంకెల మోజు కొనేవాడికి ఒక అవకాశం కూడా. అర క్యారెట్, ఒక క్యారెట్ లాంటి గుండు అంకెల దగ్గర ధర ఒక్కసారిగా ఎగురుతుంది. 90 సెంట్ల రాయి అడ్డకొలత దాదాపు 6.2 మిల్లీమీటర్లు. ఒక క్యారెట్ రాయితో తేడా 0.3 మిల్లీమీటర్లు, వేలి మీద ఎవరూ గుర్తుపట్టరు. ధరలో తేడాను మాత్రం కొన్నవాళ్లందరూ గుర్తుపడతారు.

సాన నాణ్యతను దుకాణంలోనే ఎలా చూడాలి? దుకాణం దీపాల కింద మాత్రం కాదు. ఆ స్పాట్‌లైట్ల కింద గాజు కూడా తళుక్కుమంటుంది. పదిహేడో శతాబ్దంలో మన గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తన యాత్రా గ్రంథంలో ఒక ముచ్చట రాశాడు. ఐరోపా వాళ్లు ముడిరాయిని పగటివెలుగులో చూస్తారు. ఇక్కడి వర్తకులు మాత్రం రాత్రిపూట గోడలో గూడు చేసి, అందులో పెద్ద వత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో రాయిని వేళ్ల మధ్య పట్టుకుని చూస్తారట. రాయిలో నీలిఛాయ ఉందేమో తెలియాలంటే గుబురు చెట్టు నీడలోకి తీసుకెళ్తారట. ఏ వెలుగులో ఏ లోపం బయటపడుతుందో వాళ్లకు తెలుసు. ఇప్పటి కొనుగోలుదారు కూడా ఉంగరాన్ని కౌంటర్ నుంచి కిటికీ దగ్గరికి, అక్కడినుంచి ట్యూబ్‌లైట్ కిందికి, వీలైతే మెట్ల దగ్గరి నీడలోకి తీసుకెళ్లి చూడాలి. మసక వెలుగులోనూ చచ్చుబడకుండా అంచునుంచి అంచుదాకా తెల్లగా మెరిసే రాయి సాన బాగున్నట్టు. ఓవల్, పేర్ ఆకారాల్లో అయితే నడుమ బో-టై ఆకారంలో నల్లటి పట్టీ ఉందేమో చూడాలి. సాన గ్రేడు పద్ధతి గుండ్రటి రాళ్లకోసం పుట్టింది కాబట్టి ఈ ఆకారాలకు కన్నే పెద్ద ఆధారం. బయటికి తీసుకెళ్లనివ్వం అనే దుకాణంలో కొనకపోవడమే మేలు.

ఫ్లోరసెన్స్ అనే ఇంకో గీత రిపోర్టులో ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడితే కొన్ని వజ్రాలు, నూటికి పాతిక నుంచి ముప్పై అయిదు దాకా, చాలావరకు నీలంగా వెలుగుతాయి. ఇవాళ్టి మార్కెట్ దీన్ని లోపంగా చూసి ధర తగ్గిస్తుంది. అమ్మమ్మల కాలపు రవ్వల దుద్దుల దగ్గర ఇదే గుణం గొప్ప. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటెయిన్ గని పేరు మీద వాటిని బ్లూ జాగర్ అని పిలుచుకుని, ఎండలో ఆ నీలిఛాయ చూసి మురిసిపోయేవాళ్లు. మరీ ఎక్కువై రాయి మసకబారితే తప్ప దీనివల్ల అందానికి నష్టం లేదు. లేత పసుపు రాయిని ఇది కాస్త తెల్లగా కూడా చూపిస్తుంది. ధర తక్కువ పడితే వద్దనుకోవాల్సిన పని లేదు.

ఇంతవరకూ చెప్పినదంతా రాయి గురించి. దుకాణాల్లో నష్టం ఎక్కువగా జరిగేది కాగితం దగ్గర.

బిల్లులో మొదట చూడాల్సింది తూకం. ఉంగరం మొత్తం 4 గ్రాములు తూగిందనుకుందాం, రాళ్లన్నీ కలిపి ఒక క్యారెట్. అంటే రాళ్ల బరువు 0.2 గ్రాములు, బంగారం 3.8. ధర 3.8 గ్రాములకే కట్టాలి. నాలుగుకు కడితే రాయికి రెండుసార్లు డబ్బిచ్చినట్టు, ఒకసారి వజ్రం ధర, ఇంకోసారి బంగారం ధర. వజ్రాల నగలు ఎక్కువగా 18 క్యారెట్ల బంగారంలో చేస్తారు కాబట్టి ధర కూడా ఆ రేటుకే ఉండాలి, 22 క్యారెట్ల రేటుకు కాదు. తరుగు శాతాన్ని రాళ్ల ధర మీద కూడా వేసి ఉంటే అక్కడే ఆపి అడగాలి.

'అర క్యారెట్ ఉంగరం' అన్న మాటనూ విడదీయాలి. ఒంటిరాయి అర క్యారెట్ వేరు, చిన్న రవ్వలు ఏడెనిమిది కలిపితే వచ్చే అర క్యారెట్ వేరు. రవ్వల్ని కొక్కేలు కనబడకుండా దగ్గరగా ఒత్తి దూరంనుంచి ఒకే రాయిలా కనిపించేట్టు చేసే ప్రెషర్ సెట్టింగ్ ఉంగరాలు చాలా వస్తున్నాయి. అవి మోసం కావు, అందంగా కూడా ఉంటాయి. ధర మాత్రం ఒంటిరాయి ధరలో చిన్న భాగమే ఉండాలి. ఎందుకంటే రాయి పెరిగేకొద్దీ క్యారెట్ ధరే పెరుగుతుంది.

హాల్‌మార్క్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. 2021 జూన్‌లో తప్పనిసరి చేయడం మొదలుపెట్టిన హాల్‌మార్క్, ఆరక్షరాల హెచ్‌యూఐడీ చెప్పేది బంగారం మచ్చు గురించే. ఉంగరం లోపల 750 అని ఉంటే అది 18 క్యారెట్ల బంగారమని అర్థం. పైనున్న రాయి వజ్రమో కాదో దానికి సంబంధం లేదు. రాయికి వేరే రిపోర్టు ఉండాలి. జీఐఏ, ఐజీఐ లాంటి స్వతంత్ర ప్రయోగశాలలది కావాలి. దుకాణం తన పేరుతో అచ్చువేసిన కార్డు రిపోర్టు కాదు. ప్రధాన రాయి నడుం మీద లేజర్‌తో చెక్కిన నంబరును లూప్‌లో చూసి, అదే నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి చూడాలి. సాధ్యమైతే రాయిని విడిగా చూసి, రిపోర్టు చూసి, ఆ తర్వాతే పొదిగించుకోవాలి. పొదిగాక ఇచ్చే గ్రేడ్లు లోహం అడ్డురాగా కనిపించినంతలో ఇచ్చేవే.

కౌంటర్ మీద పెన్నులాంటి టెస్టర్ పెట్టి, రాయికి ఆనించి, కూయ్ మనిపించి 'చూశారా, ఒరిజినల్' అనడం మామూలే. అది చూసేది వేడి ఎంత త్వరగా పాకుతోందన్నది. క్యూబిక్ జిర్కోనియా అనే నకిలీ రాయిని పట్టేస్తుంది. వజ్రంలా కనిపించే మాయిసనైట్‌ను చాలాసార్లు వజ్రమనే చెబుతుంది. ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్ని కూడా వజ్రమనే చెబుతుంది, ఎందుకంటే అది వజ్రమే. ఇక్కడే ఇప్పుడు అసలు గందరగోళం.

ల్యాబ్ వజ్రం నకిలీ కాదు. కర్బనమే, స్ఫటిక నిర్మాణం అదే, గట్టిదనం అదే. అధిక పీడనంలోనో, సీవీడీ యంత్రంలో వాయువునుంచి పొరలు పొరలుగానో వారాల్లో తయారవుతుంది. సహజమైనదేదో తేల్చడానికి ప్రయోగశాల పరికరాలు కావాలి. కేంద్ర ప్రభుత్వమే 2023 బడ్జెట్లో దీనికి పెద్దపీట వేసింది. ఈ వజ్రాలను పెంచడానికి వాడే విత్తు రాళ్ల మీద దిగుమతి సుంకం తీసేసి, పరిశోధనకు ఐఐటీ మద్రాసుకు ఐదేళ్లకు సుమారు 243 కోట్లు ఇచ్చింది. అదే ఏడాది జూన్‌లో ప్రధాని మోదీ అమెరికాలో జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారెట్ల వజ్రం ల్యాబ్‌లో పెంచిందే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు పెద్ద రాయి తక్కువలో దొరికిందని ఫోన్ చేస్తే ఇక్కడి తల్లిదండ్రులు అనుమానపడాల్సిన పని లేదు.

అనుమానపడాల్సింది ధర దగ్గర. వజ్రాల సంస్థ డీబీర్స్ 2018లో లైట్‌బాక్స్ పేరుతో క్యారెట్ 800 డాలర్లకు ల్యాబ్ రాళ్లు అమ్మడం మొదలుపెట్టింది. 2024లో ఆ ధరను 500కు దించింది. 2025లో ఆ వ్యాపారమే మూసేస్తున్నట్టు ప్రకటించింది. యంత్రాలు పెరిగేకొద్దీ ధర పడిపోతున్న వస్తువు ఇది. 2025లోనే జీఐఏ ల్యాబ్ రాళ్లకు పాత రంగు, స్వచ్ఛత గ్రేడ్లు మానేసి ప్రీమియం, స్టాండర్డ్ అనే రెండు తరగతులు పెట్టింది. దాదాపు అన్నీ పై మెట్లలోనే పడుతుంటే మెట్లెందుకన్నది వాళ్ల వాదన. ఈ సంగతి తెలిసి, పెట్టుబడి అనుకోకుండా, ముచ్చటపడి కొనుక్కుంటే ల్యాబ్ రాయి మంచి కొనుగోలే. 'రేపు మార్చుకోవచ్చు' అన్న మాట నమ్మి కొంటే కాదు. సహజ వజ్రం విషయంలోనూ ఆ మాటను తూచి చూడాల్సిందే. కొన్న ధరకు తిరిగి అమ్ముడుపోయే వజ్రం అరుదు. దుకాణం ఎంత శాతానికి వెనక్కి తీసుకుంటుంది, నగదు ఇస్తుందా నగకు మార్పిడేనా, ఆ శాతం బిల్లు ధర మీదా ఆ రోజు ధర మీదా అన్నవి బిల్లు మీద రాయించుకోవాలి.

మాట ముందే రాసుకోకపోతే రాజులకూ తిప్పలు తప్పలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1891లో సిమ్లా వ్యాపారి జాకబ్ దగ్గర 184.75 క్యారెట్ల వజ్రానికి బేరం కుదుర్చుకున్నాడు. రాయి చేతికొచ్చాక వద్దన్నాడు. ఇచ్చిన బయానా కోసం వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు, వ్యాపారం మాత్రం దెబ్బతింది. విసిగిపోయిన నిజాం ఆ రాయిని పట్టించుకోలేదు. ఆయన పాదరక్షలో దొరికిన ఆ వజ్రాన్ని కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాగితాల మీద బరువుగా వాడాడని చెబుతారు. 1995లో కేంద్రం 218 కోట్లకు కొన్న నిజాం నగల్లో అదీ ఉంది.

సమాచారం ఒకవైపే పోగుపడటం కౌంటర్‌తోనే మొదలుకాదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో కుటుంబాలకు కుటుంబాలు తలవంచి వజ్రాల కోసం వెతుకుతాయి. దొరికిన రాయి విలువెంతో దొరికినవాడికి తెలియదు. రంగు, జాతి, లోపలి మచ్చ చూసి ధర చెప్పేది వ్యాపారులే. తుగ్గలి చేలో అమ్మేవాడికీ, సోమాజిగూడలో కొనేవాడికీ మధ్యన ఉన్నవాళ్లకే రాయి భాష తెలుసు.

జనమే వీవీఎస్ కావాలంటుంటే మేమేం చేయాలని వ్యాపారులు అడుగుతారు. సబబైన ప్రశ్నే. చిన్న రవ్వలన్నిటికీ విడివిడిగా రిపోర్టు తెప్పిస్తే ఖర్చు ధరను మించుతుందన్నదీ నిజం. అందుకే అడగాల్సింది అది కాదు. 30 సెంట్లు దాటిన ప్రధాన రాయికి సాన గ్రేడు, కొలతలు, రిపోర్టు నంబరు. రాయి సహజమా ల్యాబా అన్నది. రాళ్ల బరువు తీసేసిన బంగారం తూకం. వెనక్కి తీసుకునే షరతు. ఇవన్నీ బిల్లు మీద అచ్చులో ఉండటం తప్పనిసరి చేయాలి. ఒట్టి 'వజ్రం' అన్న మాట సహజ రాళ్లకే వాడాలని భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 15766 చెబుతున్నట్టు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 జనవరిలో గుర్తుచేసింది. ప్రమాణం ఉండటం ఒకటి, బిల్లు మీదికి రావడం ఒకటి. హెచ్‌యూఐడీ వచ్చినప్పుడూ ఇది కుదరదన్నారు, 2021 ఆగస్టులో నగల వ్యాపారులు ఒకరోజు సమ్మె కూడా చేశారు. ఇప్పుడు బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరక్షరాలు కొట్టి చూసుకుని కొంటున్నారు, దుకాణాలూ నడుస్తున్నాయి.

ఆ నిబంధన వచ్చేదాకా కొనేవాళ్లే అడగాలి. 'వీవీఎస్ ఉందా' అన్న ప్రశ్నకు ముందు 'సాన గ్రేడు ఎంత, అడ్డకొలత ఎంత, సహజమా ల్యాబా, బిల్లు మీద రాస్తారా' అన్న ప్రశ్నలు రావాలి. సూటిగా జవాబు చెప్పి రాసిచ్చే దుకాణాలు ఉన్నాయి. జవాబు దాటవేసే చోట ట్రే వెనక్కి తోసి పక్క దుకాణానికి నడవొచ్చు, ఆ రోడ్డు మీద దుకాణాలకు కొదవ లేదు. కొన్నాక తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అప్పుడు ఆధారం కావాల్సింది ఆ బిల్లు, దాని మీది రిపోర్టు నంబరు.